సి డ్రైవు, డి డ్రైవు: ఇద్దరు బావల వాదం

కంప్యూటర్‌లో దాచుకున్నవి ఏ మూల ఉన్నాయో తెలియకుండానే చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి దాచుకుంటూ పోతారు. మెషిన్ ఆగిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు. పిల్లల ఫోటోలు పోయాయని, పుస్తకం రాతప్రతి పోయిందని కుమిలిపోయినవాళ్లను నేను చూశాను. అందుకే పెనుకొండలో మా ఇంట్లో జరిగిన ఈ వాదాన్ని రాసిపెడుతున్నాను.

వాదించినవాళ్లలో ఒకరు మా ఇంటావిడ అన్నగారు. ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీస్తారు. గ్రాఫ్ కాగితం కాలం నుంచి కంప్యూటర్ కాలం దాకా ఆయనది అదే పని. ఇంకొకడు నా తమ్ముడు, హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. పేర్లకు బదులు ఊళ్ల పేర్లు పెట్టాను.

మా అమ్మాయి డిగ్రీ చదువుకని కొన్న ల్యాప్‌టాప్ దగ్గర మొదలైంది. పెట్టె మీద 512 జీబీ అని ఉంది, తెరిస్తే 476 చూపిస్తోంది. తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. తేడా అందులోనే ఎక్కువగా వస్తుంది, చోటు ఎవరూ తినేయలేదు. ఆ 476 కూడా ఒక్క సి డ్రైవుగానే ఉంది.

ధర్మవరం: ఇదేమప్పా, డి డ్రైవే లేదు! సి కి ఒక నూటాభై జీబీ పెట్టి తక్కిందంతా డి చేసెయ్. విండోస్ సి లో ఉంటుంది, పాప చదువులు, ఫోటోలు డి లో ఉంటాయి.

హిందూపురం: వద్దు బావా. ఎట్లొచ్చిందో అట్లే ఉండనీండి.

ధర్మవరం: విండోస్ చెడిపోతే ఏం చేస్తావు? సి ని ఫార్మాట్ కొడతావు. డి లో ఉండేది చెక్కుచెదరదు. ఈ మాట నాకు చెప్పింది మీ అంగళ్లవాళ్లే గదా.

హిందూపురం: చెప్పినాం. అప్పటికి అది నిజమే. అది యాడ నుంచి వచ్చిందో వినండి. 1983లో ఐబీఎం పీసీకి 10 ఎంబీ హార్డ్ డిస్కు వచ్చింది, దాంతోపాటే డాస్ 2.0 వచ్చింది. డిస్కును ముక్కలుగా పంచే పట్టిక అప్పుడే మొదలు. అందులో నాలుగే వరుసలు. ఏ, బి అక్షరాలు అప్పటికే ఫ్లాపీలకు పోయినాయి గాబట్టి హార్డ్ డిస్కు సి అయింది. తర్వాత డిస్కులు పెరిగినాయి గానీ, ఫ్యాట్16 పద్ధతిలో ఒక్కో ముక్క 2 జీబీ దాటేదానికి లేదు. 6 జీబీ డిస్కు కొన్నవాడు సి, డి, ఇ అని మూడు చేయక తప్పేది కాదు. 1996లో ఫ్యాట్32 వచ్చినాక ఆ బలవంతం పోయింది. అలవాటు మిగిలిపోయింది.

ధర్మవరం: అలవాటని తీసిపారేయొద్దు. ఎక్స్‌పీ కాలంలో ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టించినామో లెక్కలేదు. ప్రతిసారీ డి లో డిజైన్లు నిలబడినాయి. లేపాక్షి లతామండపం స్తంభాలు చూసి గీసిన బార్డర్లు ఈపొద్దుకీ నా దగ్గర ఉండాయంటే అది డి డ్రైవు పుణ్యమే.

హిందూపురం: ఫార్మాట్ తప్ప ఇంకో దారి లేని కాలం అది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, మన ఫైళ్లు ఉంచి సిస్టాన్ని మాత్రం కొత్తగా ఎక్కించుకునే ఏర్పాటు అందులోనే ఉంది. రీసెట్ లోకి పోతే ఫైళ్లు ఉంచాలా, అన్నీ తీసేయాలా అని అడుగుతుంది. ఉంచమంటే యూజర్స్ ఫోల్డర్‌లో మన ఫైళ్లు అట్లే ఉంటాయి, మనం వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. దానికి డి అక్కర్లేదు.

ధర్మవరం: విండోస్ మొదలే కాకపోతే ఆ రీసెట్ యాడుంటుంది?

హిందూపురం: ఇట్లా రండి, చూపిస్తా. ఇది డిస్క్ మేనేజ్‌మెంట్. ఒక్కటే సి అనుకుంటాండారు గదా, ఎన్ని ముక్కలుండాయో చూడండి. మొదట్లో ఉండేది వందో రెండువందలో ఎంబీ. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్‌ను లేపే ఫైళ్లు దాంట్లో ఉంటాయి. దాని తర్వాత 16 ఎంబీది ఇంకొకటి ఉంది, అది ఇక్కడ కూడా కనపడదు. ఆ తర్వాత సి. చివర్న రికవరీ. విండోస్ లేవని రోజు ఆదుకునేది ఆ చివరిదే. వీటికి అక్షరాలు ఉండవు గాబట్టి మామూలుగా తెరిస్తే కనపడవు. ఖాళీ చోటు కోసరం వీటిని చెరిపేసి మా అంగడికి తెచ్చినవాళ్లుండారు.

ధర్మవరం: చూసినావా, కంపెనీవాళ్లే ముక్కలు చేసినారు. లేపేదానికొకటి, మరమ్మతుకొకటి. మనిషి సొత్తుకు ఇంకొకటి పెట్టమంటాండా, అంతే గదా.

హిందూపురం: ముక్క కొలత తప్పితే ఏమవుతుందో కూడా చూసినాం బావా. 2024 జనవరిలో విండోస్ 10కి ఒక భద్రతా అప్‌డేట్ వచ్చింది. అది ఎక్కాలంటే రికవరీ ముక్కలో 250 ఎంబీ ఖాళీ ఉండాల. శానా కంప్యూటర్లలో లేదు. ఎర్రర్ చూపించి ఆగిపోయింది. ఇంట్లో వాడుకునేవాళ్లను కమాండ్లు కొట్టి ఆ ముక్కను పెంచుకోమన్నారు. విండోస్ చేసినవాళ్లకే ముందుగా కొలత అందలేదు. సి కి నూటాభై చాలని మనం ఈపొద్దు గీత గీస్తే, పాప డిగ్రీ అయ్యేదాకా అది సరిపోతుందా? మీ ఇంటి కంప్యూటరే చూడండి. సి నిండిపోయి ఎర్రగా ఉంది, అప్‌డేట్లు ఎక్కడం లేదు. డి లో సగానికి పైగా ఖాళీ.

ధర్మవరం: డి లో ఉండే ఖాళీ తీసి సి కి కలిపితే సరిపోయె.

హిందూపురం: అట్ల కలవదు. సి కి ఆనుకొని కుడిపక్క ఖాళీ ఉంటేనే విండోస్ సి ని పెంచుతుంది. డి ని తగ్గిస్తే ఖాళీ వచ్చేది డి చివర్న. మధ్యలో డి అడ్డం. డి లోదంతా ఇంకో డిస్కుకెత్తి, డి ని చెరిపి, సి ని పెంచి, మిగిలిందాంతో మళ్లీ డి చేయాల. ఆ ఎత్తేటప్పుడు పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

ధర్మవరం: సరే, సి ని నింపింది ఎవరప్పా? నేను కాదు. హైబర్నేషన్ ఫైలంట, పేజ్ ఫైలంట, పాత విండోస్ ఫోల్డరంట. ఇవన్నీ నువ్వు చెప్పిన పేర్లే. వాటిలో ఏది చెరపొచ్చో, ఏది చెరిపితే మెషిన్ ఆగిపోతుందో నాకు తెలీదు. డి తెరిస్తే అట్ల కాదు. అందులో ఉండేదంతా నాది. నేను చేసింది, నేను దాచింది. దేన్ని కాపాడుకోవాల అని ఎవరన్నా అడిగితే డి చూపిస్తే చాలు. నాకు అది కావాల.

ఆ రోజు మా బావగారు మాట్లాడినవాటిలో ఇది అన్నిటికంటే బలమైన మాట. తమ్ముడు కొలతల గురించి మాట్లాడుతున్నాడు, ఆయన సొంతం గురించి. ఇంట్లో కంప్యూటర్ వాడే మనిషికి కావలసింది ముందు ఇదే: ఏది యంత్రానిది, ఏది తనది అన్న ఎరుక. ఆ ఎరుకకు డి డ్రైవు ఇన్నేళ్లు ఆసరాగా నిలిచింది. దాన్ని వద్దనేవాళ్లు దాని చోట ఇంకేదైనా ఇవ్వాలి.

హిందూపురం: ఆ మాటకు ఎదురు చెప్పను. కానీ మీదంతా నిజంగా డి లోనే ఉందా? డెస్క్‌టాప్ మీద ఏముంది?

ధర్మవరం: బిల్లులు, బ్యాంకు కాగితాలు, ఆర్డర్ల ఫోటోలు. రోజూ కావల్సినవి గదా, చేతికందేట్ల ఉండాలని.

హిందూపురం: డెస్క్‌టాప్ సి లోదే. డౌన్‌లోడ్స్ సి లోదే. డాక్యుమెంట్స్, పిక్చర్స్ కూడా మనం మార్చకపోతే సి లోనే. ఫోన్ నుంచి ఎక్కించిన ఫోటోలు ఎక్కువగా యాడికి పోతాయి? అక్కడికే.

ధర్మవరం: నాకు తెలిసొచ్చిందిలే. ఒకసారి ఒక అంగడికిస్తే, ఏమీ అడగకుండా సి ని తుడిచేసినాడు. డి ఉంది గదా, భయం లేదన్నాడు. డిజైన్లు ఉండాయి, రెండేండ్ల లెక్కలు పోయినాయి. అంగడి పేరు ఎందుకులే.

హిందూపురం: తప్పు ఆ అంగడిదే. ఫార్మాట్ కొట్టే ముందు డెస్క్‌టాప్ చూడాల, యూజర్స్ ఫోల్డర్ మొత్తం ఒక కాపీ తీయాల. ఇప్పుడు ఇంగో చిక్కుంది. కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లోపలికి పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మారేదానికి అవకాశముంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండినాక పైకి ఎక్కేది ఆగిపోతుంది. మనం మాత్రం అంతా నెట్‌లో భద్రంగా ఉందనుకుంటాం.

ధర్మవరం: అయితే డెస్క్‌టాప్‌నే డి కి మారిస్తే? ప్రాపర్టీస్‌లో లొకేషన్ అని ఉంటుంది గదా, మా పిల్లోడు చూపించినాడు.

హిందూపురం: మార్చొచ్చు. మార్చేటప్పుడు పాత ఫైళ్లను కూడా తరలించాలా అని అడుగుతుంది. వద్దంటే పాతవి సి లోనే ఉండిపోతాయి. అట్ల వదిలేసినవాళ్లకు 2018 అక్టోబరులో ఏమైందో తెలుసునా? ఆ నెల 2న విండోస్ 10కి పెద్ద అప్‌డేట్ విడుదలైంది. ఫోల్డర్ వేరే చోటికి మార్చి ఉంటే, పాత చోట ఉండేది ఖాళీ ఫోల్డరే అనుకొని దాన్ని చెరిపేసింది. అందులో ఫైళ్లున్నవాళ్లకు అవీ పోయినాయి. కొన్ని రోజులకే ఆ అప్‌డేట్‌ను ఆపి, సరిచేసి, నవంబరులో మళ్లీ ఇచ్చినారు. సగం తెలిసి మార్చిన ఏర్పాటు, ఏమీ మార్చనిదానికంటే ప్రమాదం.

ధర్మవరం: నువ్వు ఎప్పుడూ విండోస్ గురించే చెప్తాండావు. మొన్న బెంగళూరు నుంచి వచ్చిన మా అన్న కొడుకు మ్యాక్‌లో నేను చూసినా. మెకింటాష్ హెచ్‌డీ అని ఒకటి, మెకింటాష్ హెచ్‌డీ డేటా అని ఒకటి. ఆపిల్ వాళ్లంతటివాళ్లే సిస్టం వేరు, మనిషి సొత్తు వేరు అని గోడ కట్టినారు. నేను ముందు నుంచీ చెప్పేది అదే గదా!

హిందూపురం: అక్కడ మీరు చెప్పింది నిజం, బావా. 2019 అక్టోబరులో కాటలీనా వచ్చినప్పుడు మ్యాక్‌లో ఆ విభజన చేసినారు. సిస్టం వాల్యూమ్‌ను చదవొచ్చు గానీ దాంట్లో ఏమీ రాయలేం, వైరస్ అయినా సరే. 2020లో బిగ్ సర్ నుంచి దానికి ముద్ర కూడా వేసినారు. లోపల ఏ ఫైలన్నా మారితే ముద్ర సరిపోలక పట్టుబడుతుంది. మనం దాచేదీ, మనం వేసుకునే ప్రోగ్రాములూ డేటా వాల్యూమ్‌లోకి పోతాయి. మామూలుగా చూసేవాళ్లకు రెండూ కలిసి ఒకే డిస్కు మాదిరి కనపడతాయి. డిస్క్ యుటిలిటీ తెరిస్తేనే వేర్వేరు అని తెలుస్తుంది. దాన్ని చూసి, ఇదేదో రెండో కాపీలే అని డేటాను చెరిపితే మనిషి చేసుకున్నదంతా పోతుంది.

ధర్మవరం: మరి నాకెందుకు వద్దంటావు?

హిందూపురం: వాళ్లు గోడ కట్టినారు గానీ కొలత పెట్టలేదు. 2017లో మ్యాక్‌లకు వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పద్ధతిలో డిస్కు మీద ఉండే ఖాళీ అంతా ఉమ్మడి. సిస్టానికి కావల్సినంత సిస్టం తీసుకుంటుంది, డేటాకు కావల్సినంత డేటా తీసుకుంటుంది. ఒకటి నిండి ఇంకొకటి ఖాళీగా ఉండే బాధ లేదు. విండోస్‌లో మనం చేసే పార్టీషన్ అట్ల కాదు, దీంట్లో ఉండే ఖాళీ దానికి పనికిరాదు. ఇంగొక సంగతి. మీ జేబులో ఫోను ఉంది చూడండి, అందులోనూ ఈ విభజన ఉంది. ఆండ్రాయిడ్‌లో సిస్టం ఒక చోట, డేటా ఒక చోట. కానీ ఫ్యాక్టరీ రీసెట్ కొడితే అందులో చెరిగేది డేటా, నిలిచేది సిస్టం. కంప్యూటర్‌లో సి ఫార్మాట్ కొడితే పోయేది సిస్టం, మిగిలేది డి. రెండూ ఎదురెదురు. కంప్యూటర్ అలవాటుతో ఫోను రీసెట్ కొట్టి, ఫోటోలు ఉంటాయిలే అనుకొని వచ్చేవాళ్లు మా దగ్గరికి ఇప్పటికీ వస్తాండారు.

అంతవరకు అమ్మాయి వింటూ కూర్చుంది. మాట ఇంతటితో ఆగేదేమో గానీ తమ్ముడు ఇంకో సంగతి ఎత్తాడు. ఈ వ్యాసం రాయాలనిపించింది దానివల్లే.

హిందూపురం: డి లో దాచింది నిజంగా డి లోనే ఉందా అని ఇంగో విధంగా అడుగుతా. మా వీధిలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు చేసే డీటీపీ ఆయన ఉండాడు. సి పోయింది, కొత్త విండోస్ ఎక్కించినారు. డి లో పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ ఉండాయి, ఒక్కటీ పోలేదు. తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, చుక్కలు. ఆయన చేసిందంతా అను ఫాంట్లలో. ఆ పద్ధతిలో ఫైలు లోపల తెలుగు అక్షరం ఉండదు బావా. ఇంగ్లీషు అక్షరాలకిచ్చిన స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టినారు. క అని చూపించే పని ఫాంటుది. ఆ ఫాంటు ఉండేది యాడ? సి లో, విండోస్ ఫోల్డర్ లోపల. సి తో ఫాంటు పోయింది, ఫాంటుతో చదువు పోయింది.

ధర్మవరం: ఇది మాకు తెలిసిన సంగతే అప్పా. 240 హుక్కుల జకార్డుకు కొట్టిన అట్టలు ఇంకో కొలత జకార్డుకు ఎక్కవు. అట్టలు మూటగట్టి అటక మీద భద్రంగానే ఉంటాయి. వాటికి సరిపోయే జకార్డు పాతసామానోడికి పోయింటే, ఆ అట్టల్లో ఏ అంచు ఉందో, ఏ బుటా ఉందో చీర మీద చూసేదానికి లేదు.

హిందూపురం: అంతే. అట్టలు డి లో ఉండాయి, మగ్గం సి లో ఉంది. గోడ ఎంత గట్టిగా కట్టినా ఇది తప్పదు.

ఇక్కడ నేను కల్పించుకోవాలి. మన జిల్లాలోనే కాదు, తెలుగు అచ్చయిన ప్రతి ఊళ్లోనూ ఇదే కథ. మొదటి యూనికోడ్ 1991లో వచ్చింది, అందులోనే తెలుగుకు స్థానాలున్నాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. అయినా అచ్చుపని పాత ఫాంట్లను వదల్లేదు, ఎందుకంటే పనంతా పేజ్‌మేకర్‌లో జరిగేది, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. అది 7.0తోనే ఆగిపోయింది. ఈలోగా కథల పుస్తకాలు, చిన్న పత్రికలు, స్థానిక చరిత్రలు, ఆలయాల స్థలపురాణాలు వేలకొద్దీ ఆ ఫాంట్లలోనే కంపోజ్ అయ్యాయి. వాటిలో ఎన్నో ఇవాళ్టికీ ఎవరో ఒకరి డి డ్రైవులోనో, సీడీలోనో ఉన్నాయి. రచయిత దగ్గర అచ్చుపుస్తకం ఉంటుంది, ఫైలు డీటీపీ వాళ్ల దగ్గర ఉంటుంది, ఫాంటు వాళ్ల కంప్యూటర్ సి డ్రైవులో ఉంటుంది. పీడీఎఫ్ తీసి పెట్టుకున్నవాళ్లు కొంత నయం. ఫాంటు అందులో ఇమిడి ఉంటే పేజీ కంటికి కనపడుతుంది. కానీ అందులో ఒక మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే మళ్లీ ఆ గుర్తులే వస్తాయి. సిస్టం, డేటా అని గీసే గీత తెలుగువాళ్ల విషయంలో ఇంగ్లీషువాళ్లకు పడినంత తేలిగ్గా పడలేదు. మన డేటాలో సగం సిస్టంలోనే చిక్కుకుని ఉంది. డి డ్రైవు ఎంత పెద్దది పెట్టినా దాన్ని విడిపించలేదు. యూనికోడ్‌లోకి మార్చుకుంటేనే విడిపోతుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, కూర్చుని దిద్దుకోవాలి. ఆ పని చేయగలవాళ్లు, ఏ ఫాంటు ఏదో గుర్తుపట్టగలవాళ్లు మన మధ్య ఉండగానే చేయాలి.

ధర్మవరం: డిజైన్ల సంగతీ ఇంతే. గ్రాఫ్‌లో ఒక నిలువు వరుస ఒక హుక్కు, ఒక అడ్డ వరుస ఒక అట్ట. దాన్ని బీఎంపీ ఫైలుగా పెట్టుకుంటే యా కంప్యూటర్‌లో అయినా గడి గడి కనపడుతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలుగానే వదిలేస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఉండాల, దాని లాకు ఉండాల. నేను రెండూ పెడతాను. సాఫ్ట్‌వేర్ వాళ్లు రేపు ఉంటారో లేదో.

హిందూపురం: అదే నేను చెప్పేది! మీరు డి డ్రైవు వల్ల బతికినామంటారు. మిమ్మల్ని బతికించింది ఆ బీఎంపీ అలవాటు. ఇంగ ఒక్కటి మిగిలింది. డి ఉండేది వేరే డిస్కులోనా?

ధర్మవరం: లేదు, ఒకటే హార్డ్ డిస్కు.

హిందూపురం: అది ఆగితే సి, డి ఒక్క నిమిషంలో పోతాయి. పాత హార్డ్ డిస్కు పోయే ముందు చప్పుడు చేస్తుంది, నిదానిస్తుంది, రోంత టైమిస్తుంది. ఈ ల్యాప్‌టాప్‌లో ఉండేది ఎస్‌ఎస్‌డీ. అది శానాసార్లు ఏ సూచనా లేకుండా పోతుంది. అందులో ముక్కలు చేసినా లోపల చిప్పుల్లో సి కి ఒక జాగా, డి కి ఒక జాగా అని ఉండదు, కంట్రోలర్ అంతటా పరుస్తుంది. మనం చూసే గీత కాగితం మీదే. వైరస్ సంగతి కూడా అంతే. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ రకం వైరస్‌కు సి, డి తేడా లేదు. అక్షరం ఉన్న ప్రతి డ్రైవులోకీ పోయి ఫైళ్లకు తాళం వేస్తుంది. తగిలించి ఉంచిన పెన్‌డ్రైవును కూడా వదలదు.

ధర్మవరం: తాళం అంటే గుర్తొచ్చింది. ఇందులో సి మీద తాళం బొమ్మ ఏంది?

హిందూపురం: ఎన్‌క్రిప్షన్. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లలో అకౌంటుతో లోపలికి పోతే శానావాటిలో అదంతకదే పడుతుంది. మంచిదే, దొంగ ఎత్తుకుపోయినా చదవలేడు. కానీ విండోస్ లేవనప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది అకౌంటులో ఉంటుంది. ఆ అకౌంటు, పాస్‌వర్డు మర్చిపోతే డిస్కు బాగున్నా మా మాదిరివాళ్లం ఏమీ చేయలేం. ఈ తాళం డి కి కూడా పడుతుంది. డి లో ఉండేది చెక్కుచెదరదు అనే మాటకు ఇది కూడా అడ్డమే.

ధర్మవరం: ఇన్ని చెప్పినా నా మాట నాదే. పాపకు తనది ఏదో తెలిసే చోటు ఒకటి ఉండాల.

హిందూపురం: ఉండాల. అది పార్టీషనే కానక్కర్లేదు.

చివరికి ఏం చేశారో చెబుతాను. ల్యాప్‌టాప్‌ను ముక్కలు చేయలేదు. సి లోనే అమ్మాయి పేరుతో ఒక ఫోల్డర్ పెట్టారు. చదువులు, ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ అందులోనే. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొన్నాం. వారానికోసారి ఆ ఫోల్డర్ దానిమీదకు పోతుంది, పని కాగానే డిస్కు విప్పి బీరువాలో పెట్టాలి. రికవరీ కీ కాగితం మీద రాసి దాచాం. ధర్మవరం కంప్యూటర్‌లో విండోస్‌ను వేరే చిన్న ఎస్‌ఎస్‌డీ మీదకు మార్చి, పాత డిస్కు మొత్తాన్నీ డి గా వదిలేశారు. అక్కడ డి నిజంగానే వేరే డిస్కు. దానికీ ఒక కాపీ బయట ఉంటుంది.

ఎవరు గెలిచారంటే, కొత్త ల్యాప్‌టాప్‌లో ఒకే డిస్కును కోసి డి చేయడం ఇక అక్కర్లేదన్నది నా తీర్పు. తమ్ముడి వాదన సరైంది. కానీ మా బావగారు అడిగిన హద్దు తప్పకుండా కావాలి. రిపేరు చేసేవాళ్లు ఆ హద్దును పట్టించుకోకుండా అన్నీ ఒకే చోట ఉంటే ఏమైందిలే అనడం వల్లే, ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరి డెస్క్‌టాప్ పోతోంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. అందుకని హిందూపురంలో, ధర్మవరంలో, మా పెనుకొండలో కూడా పాత కంప్యూటర్లను విండోస్ 11కి మార్చమని అంగళ్లకు తెస్తున్నారు. అంగడివాళ్లకు నా విన్నపం ఒక్కటే: తుడిచే ముందు డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, యూజర్స్ ఫోల్డర్, ఫాంట్స్ ఫోల్డర్ కాపీ తీసి, కంప్యూటర్ తెచ్చినవాళ్లకు చూపించి, తర్వాతే ఫార్మాట్ కొట్టండి. తెచ్చేవాళ్లకూ ఒక మాట. ఇంటి నుంచి బయలుదేరే ముందే మీ కాపీ మీరు తీసుకోండి. అను ఫాంట్లలో రాసినవి ఏవైనా ఉంటే, వాటిని తెరవగలిగే ఆ పాత విండోస్ ఇంకా ఉండగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి.